చిటికెన వేలి పరీక్ష

ఆ ఎండాకాలం మా ఆడపడుచు విమానం దించడం మర్చిపోయింది. అంతకు నెల ముందు దాకా బాగానే దించేది. పొయ్యి మీంచి పాలగిన్నె దించినంత ఒద్దికగా దించుతోందని కెప్టెన్ నోరారా మెచ్చుకున్నాడు కూడా. అలాంటిది ఉన్నట్టుండి, నేల ఇంకో మూరెడు దూరం ఉందనగా విమానం ముక్కు ఎగరేయడం, గభాలున పైకి లేవడం, మళ్లీ దబ్బున కూలబడడం. చూసేవాళ్లకి నవ్వు, లోపల కూర్చున్నవాళ్లకి నడుంనొప్పి.

మాది చిన్న ఫ్లయింగ్ క్లబ్బు. ఒక మట్టి రన్‌వే, ఒక రేకుల షెడ్డు, పిచ్చుక అని మేం ముద్దుగా పిలుచుకునే రెండు సీట్ల విమానం. కెప్టెన్ ఎగరడం నేర్పుతాడు, మా మామగారు మెకానిక్. ఆయన కింద పనిచేసేది నేను. మా ఆయనది ఓడల మీద ఉద్యోగం, ఆర్నెల్లకోసారి ఇంటికొస్తాడు. పెళ్లయిన కొత్తలో పొద్దస్తమానం ఇంట్లో కూర్చోలేక షెడ్డుకి వెళ్లి మామయ్యకి పానాలు అందించడం మొదలుపెట్టాను. ఐదేళ్లు తిరిగేసరికి పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. చక్రాలు, బ్రేకులు, ఇంజనాయిలు అన్నీ నావి. కొమ్ములు మాత్రం మామయ్యవి. వాటి మీద ఇంకొకరిని చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు.

కొమ్ములంటే విమానం నడిపేవాళ్లు చేత్తో పట్టుకునేది. పుస్తకాల్లో యోక్ అని రాస్తారు. కారు స్టీరింగులో పైముక్క కోసేస్తే రెండు పిడులు మిగిలినట్టు, అచ్చం పొట్టేలు కొమ్ముల్లా ఉంటుంది. ఎడం సీటుకి ఒకటి, కుడి సీటుకి ఒకటి. తిప్పితే విమానం ఒరుగుతుంది, తోస్తే దిగుతుంది, తనవైపు లాక్కుంటే ముక్కు లేస్తుంది. కొమ్ములు బిగించిన ఉక్కు గొట్టం, ఎదురుగా మీటర్లుండే పలకలో ఓ ప్లాస్టిక్ కట్టులోంచి లోపలికీ బయటికీ జారుతుంటుంది. రోజూ పొద్దున్నే మామయ్య ఎడం సీట్లో కూర్చుని, చిటికెన వేలొక్కటే కొమ్ముకి ఆనించి, చివరిదాకా తోసి, చివరిదాకా లాగి, అటూ ఇటూ తిప్పేవారు. దారిలో ఇసుకరేణువంత అడ్డం తగిలినా ఆ వేలికి తెలిసిపోయేది. "నా చిటికెన వేలు అబద్ధం చెప్పదు," అనేవారు. అబద్ధాలు చెప్పదు సరే, దాని గురించి ఆయన చెప్పుకునే గొప్పలకి మాత్రం అంతుండేది కాదు.

ఇక షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో, జానెడు అక్షరాలతో ఆయన రాసిన శాసనం ఒకటుంది: గొట్టానికి నూనె పెట్టినవాళ్లు నాకు కనపడకూడదు. పెట్టిన రోజు వెన్నలా జారుతుంది. మర్నాటి నుంచి దుమ్ముని పిలిచి పీటేస్తుంది. పది రోజులు గడిచేసరికి నూనే దుమ్మూ కలిసి జిగురైపోయి గొట్టం పట్టేస్తుంది. పొడిబట్టతో రోజూ తుడవాలి, అంతే. మాలాంటి మట్టి రన్‌వే మీద, ఎండాకాలం గాలుల్లో, రోజుకి రెండుసార్లు తుడవాలి.

"చెయ్యి బరువమ్మా నీది," అన్నాడు కెప్టెన్ ఆ పూట విమానం దిగి నడుం పట్టుకుంటూ. "దింపేటప్పుడు మెల్లగా, కొంచెం కొంచెంగా లాక్కోవాలి. నువ్వు గుంజుతున్నావు."

"నేను మెల్లగానే లాగుతున్నాను సార్. అది రాదు. రావట్లేదు కదా అని ఇంకాస్త లాగితే ఒక్కసారిగా వచ్చేస్తుంది," అంది మా ఆడపడుచు. చిన్నప్పుడు పిలిచేలోపే తుర్రుమని పారిపోయేదని ఇంట్లో దాన్ని తుర్రు అనేవాళ్లం. పందొమ్మిదేళ్లొచ్చినా పేరు మారలేదు.

కెప్టెన్ మామయ్యవైపు చూశాడు. "ఏం మేస్త్రిగారూ?"

"పొద్దున చూశాను. శుభ్రంగా ఉన్నాయి," అన్నారు మామయ్య, చేతిలో పానా తుడుచుకుంటూ.

అంతే, ఆ మాటకి ఇక తిరుగులేదు. కెప్టెన్‌వి ఎద్దుని కొమ్ములు పట్టి కూలదోసే చేతులు, ఆయనకి అన్నీ తేలిగ్గానే ఉంటాయి. పైగా ఇరవై ఆరేళ్లుగా మామయ్య మాట నమ్ముకుని గాల్లోకి లేస్తున్న మనిషి. మిగతా ఇద్దరు శిష్యులూ కండలు తిరిగిన వస్తాదులు. పైకి ఎవరూ అనలేదు గానీ, తప్పు తుర్రు చేతిదేనని అందరం తేల్చేసుకున్నాం. ఆ అందరిలో నేనూ ఉన్నాను, దాచుకోవడం ఎందుకు.

నెలాఖరుకి పందొమ్మిది రోజులున్నాయి. అప్పటికి తుర్రు ఒంటరిగా ఎగిరినట్టు కెప్టెన్ సంతకం చేస్తేనే, పైలట్ల పెద్ద స్కూల్లో దానికి సీటు. నెల దాటితే వానలు, వానలు పడితే మా రన్‌వే మూడు నెలలు మూత. "చూద్దాం, కుదరకపోతే వచ్చే ఏడాది," అన్నాడు కెప్టెన్ మంచి మనసుతోనే. తుర్రు మొహం వాడిపోయింది.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో కూడా విమానం మొదలైంది. కుర్చీలో కూర్చుని, చీపురుకట్టని రెండు పెట్టెల సందులో దూర్చి, కళ్లు మూసుకుని మెల్లగా లాగడం, తోయడం. గంటలకొద్దీ.

"ఏమే, ఇల్లు ఊడ్చాలి. ఆ విమానం కాస్త ఇటిస్తావా?" అంది అత్తయ్య ఓ పొద్దున.

నాకు నవ్వాగలేదు. తుర్రు మాత్రం నవ్వలేదు. చీపురు వాళ్లమ్మ చేతికిచ్చి నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"వదినా, నిజం చెప్పు. కొందరికి రాదేమో కదా ఇది? నేను ఆ కొందరిలో ఒకదాన్నేమో."

"నోర్ముయ్. మొన్నటిదాకా వచ్చింది, ఇప్పుడెక్కడికి పోతుంది?" అన్నాను. అన్నానే గానీ నా గొంతులో నాకే నమ్మకం వినపడలేదు.

అత్తయ్య అప్పటికి నెల నుంచి కుట్టుమిషను నూనెడబ్బా కోసం ఇల్లంతా గాలిస్తోంది. నేనే ఎక్కడో పారేశానని గొణుగుడు. ఇంకో వింత కూడా ఉంది ఆ రోజుల్లో. పొద్దున్నే మామయ్య చొక్కా గుండీలు అత్తయ్యే పెట్టేది. ముప్ఫై ఏళ్ల కాపురం తర్వాత కొత్తగా ఈ ముచ్చట్లేమిటని నేను ఆటపట్టిస్తే, "నీ పని నువ్వు చూసుకో," అని కసిరేది. సిగ్గనుకున్నాను. నా కళ్లు కళ్లు కావు, అవి ఉన్నది అలంకారానికి.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం మామయ్య భోజనానికి వెళ్లినప్పుడు, బ్రేకు చూడాలని పిచ్చుక ఎడం సీట్లోకి ఎక్కాను. కొమ్ములు ముట్టుకోవాలన్న ఆలోచన నాకు లేదు. లేచేటప్పుడు ఆసరాకి పట్టుకున్నానంతే. లాగితే రాలేదు. అంగుళం కదిలి ఆగింది. ఇంకాస్త లాగితే ఒక్క ఉదుటున నా పొట్ట మీదికి వచ్చింది. రావట్లేదు, రావట్లేదు, వచ్చేస్తుంది. తుర్రు చెప్పింది అక్షరాలా అదే కదా.

టార్చిలైటు వేసి చూశాను. గొట్టం పలకలోకి దూరే చోట, కట్టు చుట్టూ, కాటుకలా నల్లటి జిగురు. వేలితో తీసి వాసన చూశాను. నూనె.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరు పెట్టారు? కెప్టెనే అయుంటాడు, ఆ మనిషికి ఓపిక తక్కువ. లేకపోతే ఆ వస్తాదుల్లో ఒకడు. మామయ్యకి తెలిస్తే షెడ్డు కప్పు లేచిపోతుందనుకుంటూ తుడవడానికి బట్ట కోసం ఆయన సామాన్ల పెట్టె తెరిచాను. పాతబట్టల అడుగున, మూతకి నీలం దారం చుట్టిన అత్తయ్య నూనెడబ్బా ఉంది.

అక్కడే కూలబడ్డాను. గోడ మీద ఆ ఎర్ర అక్షరాలు రాసింది ఈయనేనా? ఎందుకిలా చేసినట్టు? ఎంత ఆలోచించినా బుర్రకెక్కలేదు. డబ్బా ఉన్నచోటే పెట్టేసి, ఆ పూట తుర్రు ఎగరకుండా బ్రేకు వంక చెప్పి ఆపాను. మామయ్యని అడగడానికి నోరు రాలేదు. నోటి దురుసు మనిషినని నాకు పేరు, ఆ రోజు మాత్రం ఆ నోరు ఎటుపోయిందో పోయింది.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే మామయ్య ఎడం సీట్లో కూర్చున్నారు. నేను తలుపు పక్కన రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాను. ఆయన చెప్తే నేను రాయాలి, అది మా పద్ధతి. చిటికెన వేలు కొమ్ముకి ఆనించి తోశారు. గొట్టం సణిగింది. నాకు బయటికే వినపడింది. ఆయన ఆగలేదు. వేలు వెనక్కి వంగింది, గోరు పిడి అంచుకి గీరుకుంది, ఆయన తోస్తూనే ఉన్నారు.

"బాగానే ఉన్నాయి. రాసుకో."

నేను రాయలేదు.

"రాసుకోమన్నానుగా అమ్మాయ్."

"మామయ్యా, మీ వేలు," అన్నాను.

ఆయన వేలి వంక చూసుకున్నారు. గోరు పక్కన చర్మం లేచి రక్తం కారుతోంది. కొమ్ము మీద కూడా ఎర్రటి మరక. ఆయన దాన్ని వేరే ఎవరి వేలో అన్నట్టు చాలాసేపు చూశారు.

"బాగాలేవు, కదూ?" అన్నారు చివరికి.

"లేవు మామయ్యా."

ఆయన సీట్లోంచి దిగలేదు. అక్కడే కూర్చుని, నావైపు చూడకుండా చెప్పారు. చలికాలం నుంచీ వేళ్లకి స్పర్శ సరిగా తెలియట్లేదట. మొదట చలికేమో అనుకున్నారట. ఎండలొచ్చినా తిరిగి రాలేదు. గుండీలు పట్టు చిక్కట్లేదు. వేడి గ్లాసు పట్టుకుంటే బొబ్బలెక్కాక గానీ తెలియట్లేదు. అత్తయ్య చేత ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నారు.

"గొట్టం సాఫీగా ఉందో లేదో నాకు తెలియట్లేదమ్మా. పిల్ల ఎక్కుతోంది. గాల్లో పట్టేస్తే? రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఒక్క చుక్క పెడితే కనీసం పట్టెయ్యదు కదా అని పెట్టాను. మర్నాడు మళ్లీ అనుమానం. మళ్లీ ఓ చుక్క."

ఆయన్ని తిట్టాలనిపించింది, ఆ చేతులు పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. వేలికి కట్టు కట్టాను. ఆయన లేచి, షెడ్డు మూలనున్న 'ఎగరరాదు' అన్న ఎర్రబిళ్ల తెచ్చి తన చేత్తోనే పిచ్చుక కొమ్ములకి తగిలించారు. ముడి పడక రెండుసార్లు జారింది. నేను సాయం చెయ్యబోతే వద్దన్నారు. నెలాఖరుకి పద్నాలుగు రోజులు. ఆ బిళ్ల ఎవరి ఆశకి అడ్డం పడుతోందో ఆయనకి నాకంటే బాగా తెలుసు.

కెప్టెన్‌కి ఆయనే చెప్పారు. ఒక్క మాట కూడా తగ్గించుకోకుండా, రిజిస్టర్లో తన పేరు పెట్టి రాయించి మరీ చెప్పారు. కెప్టెన్ మొహం జేవురించింది.

"ఇరవై ఆరేళ్లు మీ మాట మీద ఎగిరాను మేస్త్రిగారూ."

"అందుకే చెప్తున్నాను," అన్నారు మామయ్య.

కెప్టెన్ ఆయన వేలికున్న కట్టు చూసి, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

తుర్రుకి చెప్పడమే కష్టమైంది. ఇంట్లో, అందరం కూర్చుని ఉండగా చెప్పారు. "తప్పు నీ చేతిది కాదమ్మా. నాది."

అది ముందు నమ్మలేదు. తర్వాత లేచి నిలబడింది. "నెల రోజులు నాన్నా! నెల రోజులుగా నాకు చేతకాదని నేనే అనుకుంటున్నాను. నేను పక్కనే కూర్చుని చీపురుకట్ట లాగుతుంటే చూస్తూ ఊరుకున్నారు!"

"నూనె వల్లేనని నాకు తెలిస్తే ఊరుకునేవాణ్ని కాదు. తెలియట్లేదన్న సంగతే ఒప్పుకోలేకపోయాను," అన్నారాయన.

తుర్రు కోపంగా గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ ఆగి, తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది. తిరిగొచ్చి ఆయన ముందు కింద కూర్చుని ఆయన వేళ్లు ఒక్కొక్కటే నొక్కడం మొదలుపెట్టింది. "ఇది తెలుస్తోందా? ఇది?" అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు అత్తయ్య ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. నరాల నీరసం, ముందే రావాల్సింది, అయినా మించిపోలేదు, మందులు వాడితే చాలావరకు తిరిగొస్తుంది, కానీ నెలలు పడుతుంది అన్నాడట డాక్టరు. ఆ 'తిరిగొస్తుంది' అన్న మాటని అత్తయ్య వీధిలో కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుంటూ ఇంటికొచ్చింది.

షెడ్డులో పని నా నెత్తిన పడింది. ప్లాస్టిక్ కట్టు అరిగి గాడి పడింది, కొత్తది రావడానికి ఆరు రోజులు. ఈలోపు జిగురంతా వదిలించాలి. మామయ్య స్టూలు వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుని ఒక్కొక్కటే చెప్పేవారు. జిగురు కరిగించే మందు బట్టకి అద్దాలి గానీ పలక మీద చల్లకూడదు, వెనకాల తీగలున్నాయి. గొట్టం తిప్పుతూ తుడవాలి, రుద్దకూడదు. కీళ్లకి గ్రీజు ఉండాలి, గొట్టానికి ఉండకూడదు. తల ప్రాణం తోకకొచ్చింది. ఒక గీత మిగిలితే మళ్లీ మొదటినుంచీ.

"తుడవడం రెండు రోజుల్లో వస్తుంది. తెలియడం రావాలి," అన్నారు మూడో రోజు. అత్తయ్యని అడిగి ఒక తలవెంట్రుక తెప్పించారు. నన్ను కళ్లు మూసుకోమని, గొట్టం మీద ఎక్కడో దాన్ని అంటించారు. అంటించింది తుర్రు, ఎక్కడన్నది చెప్పింది ఆయన. నేను చిటికెన వేలితో తోసి, వెంట్రుక కట్టులోకి దూరే చోట ఆపాలి.

ఆ రోజు ఇరవైసార్లలో ఒక్కసారి కూడా ఆపలేకపోయాను. "అసలు అంటించారా, నన్ను ఆడిస్తున్నారా?" అని కళ్లు తెరిచి చూశాను కూడా. మర్నాడు వెంట్రుక లేని చోట్ల ఆపాను.

"మా ఆవిడ జుట్టు మరీ పలచబడిందంటావా?" అన్నారు మామయ్య.

"వినపడుతోంది," అంది అత్తయ్య బయటినుంచి. అన్నం క్యారియరు తెచ్చి గుమ్మంలోనే నిలబడి ఉంది.

అందరం పడీపడీ నవ్వాం. ఆ వేసవిలో మా షెడ్డులో నవ్వులు వినపడడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూ ఏ ఆలోచనా లేకుండా కొమ్ము తోశాను, వేలు దానంతటదే ఆగింది. కళ్లు తెరిస్తే వెంట్రుక సరిగ్గా కట్టు అంచున ఉంది. మామయ్య వంగి చూశారు. "మళ్లీ," అన్నారు. సాయంత్రానికి పదికి ఎనిమిది.

కొత్త కట్టు వచ్చింది, బిగించాను. కొమ్ములు విప్పి బిగిస్తే ఇద్దరు చూడాలని మా రూలు. నేను లోపల కూర్చుని కదిపాను, మామయ్య బయట రెక్కల దగ్గర నిలబడి గట్టిగా చెప్పారు. "ఎడమకి తిప్పు. ఆఁ, ఎడమ రెక్క అంచు రేకు లేచింది, కుడిది దిగింది. లాగు. తోక రేకు లేచింది. తొయ్యి." ఆయన కళ్లు ఇంకా డేగకళ్లే. అంతా అయ్యాక రిజిస్టరు నా ముందుకి జరిపారు.

"చేసినవాళ్లు మొదట. నేను రెండోవాణ్ని."

ఇరవై ఆరేళ్లు ఆయన సంతకం ఉన్న గడిలో నా పేరు రాయబోతూ ఆగి, కొమ్ముని ఇంకోసారి చిటికెన వేలితో తోసి చూశాను. చూడనా మరి, రేపో మాపో ఆ కొమ్ములు పట్టుకుని మా పిల్ల ఒంటరిగా పైకి వెళ్తుంది. ఆయనకి ఇన్నాళ్లూ నిద్ర ఎందుకు పట్టలేదో ఆ క్షణాన నాకు పూర్తిగా అర్థమైంది.

కెప్టెన్ ముందు తనే ఓ చుట్టు తిప్పి వచ్చి, తుర్రుని ఎక్కించుకున్నాడు. మొదటి రెండు రోజులు అది పాత అలవాటు కొద్దీ గుంజింది. మూడో రోజుకి చెయ్యి తేలికపడింది. నెలాఖరుకి ఒక్కరోజు ముందు, పడమటి దిక్కున మబ్బులు కమ్ముతుండగా, కెప్టెన్ రన్‌వే చివర విమానం ఆపించి తను దిగిపోయాడు. తలుపు వేసి, రెక్క మీద ఒక్క చరుపు చరిచి, మా వైపు నడిచొచ్చాడు.

పిచ్చుక లేచింది. ఒక్క మనిషి బరువు తగ్గినందుకు మామూలు కంటే ముందే లేచింది. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఎముకలు నలిగేలా నొక్కేసింది. మామయ్య కదలకుండా నిలబడ్డారు. చుట్టు తిరిగి, మలుపు తిరిగి, విమానం రన్‌వేకి ఎదురుగా వచ్చింది. నేను తుడిచిన గొట్టం, నేను బిగించిన కట్టు, నా సంతకం. మూరెడు ఎత్తు. ముక్కు మెల్లగా లేచింది, ఇంకొంచెం లేచింది. చక్రాలు ఎప్పుడు నేలకి తాకాయో చెప్పలేను, వెనకాల దుమ్ము లేస్తే తెలిసింది దిగిందని.

తుర్రు దిగి ఒక్క పరుగున వచ్చింది. కెప్టెన్ అది ఎగిరిన లెక్కలు రాసే పుస్తకం తీసి మోకాలి మీద పెట్టి అక్కడికక్కడే సంతకం చేశాడు. అత్తయ్య ఏడుస్తూనే దాన్ని కొట్టింది, ముద్దు పెట్టుకుంది. మామయ్య అందరూ అయ్యేదాకా ఆగి అడిగారు.

"కొమ్ములెలా ఉన్నాయమ్మా?"

తుర్రు తెల్లబోయి చూసింది. "కొమ్ములా? ఏమో నాన్నా. వాటి సంగతే గుర్తు రాలేదు నాకు."

మామయ్య తల పక్కకి తిప్పుకున్నారు. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

మొదటి చినుకులు పడుతుంటే ఇద్దరం పిచ్చుకని షెడ్డులోకి తోశాం. నేను ముందు, ఆయన వెనక తోక దగ్గర.

"మెల్లగా మేస్త్రిగారూ, రెక్క తలుపుకి తగులుతుంది," అన్నారు మామయ్య.

ఎవరిని పిలుస్తున్నారా అని చుట్టూ చూశాను. షెడ్డులో నేను తప్ప ఇంకెవరూ లేరు.